కుమాసిలో వీధి తిండి ఎలా తినాలి: పొద్దున కోకో నుంచి రాత్రి కెలెవెలె దాకా

ఘానాకి ఉద్యోగం మీద వచ్చే మనోళ్ళు ఎక్కువగా దేశ రాజధాని అక్రాలోనే ఉండిపోతారు, అక్కడైతే ఇండియన్ హోటళ్ళు ఉన్నాయి, షాపులున్నాయి, పప్పూ బియ్యం అన్నీ దొరుకుతాయి కాబట్టి వీధి తిండి జోలికి వెళ్ళకుండానే ఏళ్ళు గడిపేయొచ్చు. కుమాసిలో పోస్టింగ్ పడినోళ్ళ సంగతి వేరు. అక్రాకి దాదాపు 250 కిలోమీటర్లు లోపలికి ఉన్న ఊరు, అశాంటి తెగ వాళ్ళ రాజధాని, వాళ్ళ రాజు అశాంటెహెనె ఉండే మాన్హియా ప్యాలెస్ ఇక్కడే. ఇక్కడ రోజూ ఇంట్లో వండుకునే ఓపిక లేకపోతే రోడ్డు మీద తినక తప్పదు, తప్పదు అంటున్నా గానీ నిజానికి అదే ఈ ఊళ్ళో ఉండటంలో ఉన్న మజా.

ఒక్క విషయం ముందే బుర్రలో పెట్టుకోండి. ఇక్కడ తిండికి టైముంది. ఏ గంటకి ఏది వేడివేడిగా దిగుతుందో తెలుసుకుని ఆ గంటకి అక్కడ ఉంటే చాలు, కడుపు నొప్పీ ఉండదు, డబ్బూ వృథా అవదు. మధ్యాహ్నం మూడింటికి వెళ్ళి పొద్దుటి వాచే (బియ్యం, బొబ్బర్ల అన్నం) అడిగేవాడికి గిన్నె అడుగున మిగిలిందే దొరుకుతుంది. అందుకే ఈ గైడ్ కూడా గడియారం ప్రకారమే రాస్తున్నా.

మొదటి పని: బయల్దేరకముందే చేస్కోవాల్సినవి

ఎల్లో ఫీవర్ టీకా లేకుండా ఘానాలోకి రానివ్వరు, కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి, హైదరాబాద్‌లో అయితే నారాయణగూడ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. ఆ పసుప్పచ్చ కార్డు పారేసుకోవద్దు, తిరిగి ఇండియాకి వెళ్ళేటప్పుడు మన ఎయిర్‌పోర్టులో కూడా అడుగుతారు. మలేరియా సంగతి మీ డాక్టర్‌తో మాట్లాడుకోండి, రాత్రిపూట వీధిలో నిలబడి తినే అలవాటున్నోళ్ళు నిండు చేతుల చొక్కా, దోమల క్రీము అలవాటు చేస్కోండి.

దిగాక మొదటి రోజే రెండు పనులు. ఒకటి, సిమ్ తీసుకుని మొబైల్ మనీ తెరవండి, దాన్నే ఇక్కడ అందరూ మోమో అంటారు, కోసే అనే వడలు అమ్మే ముసలావిడ దగ్గర కూడా ఫోన్ నంబర్ రాసిన అట్టముక్క ఉంటుంది. రెండోది, చిల్లర. వీధి తిండికి పెద్ద నోటు తీస్తే అమ్మేవాళ్ళ మొహం మాడిపోతుంది, పొద్దున్నే అయితే మరీనూ.

డబ్బు లెక్కలో ఒక తికమక ఉంది. 2007లో ఘానా వాళ్ళు కరెన్సీ మార్చారు, పాత 10,000 సేదీలు కొత్త 1 సేదీ అయ్యింది. ఇన్నేళ్ళయినా మార్కెట్లో పెద్దవాళ్ళు కొంతమంది ఇంకా పాత లెక్కే చెప్తారు, "లక్ష" అన్నారంటే 10 సేదీలు అని అర్థం, గుండె ఆగిపోనక్కర్లేదు. నేను ఇక్కడ ధరలు రాయట్లేదు, ఎందుకంటే ఇక్కడ ధరలు మారే వేగానికి ఈ రోజు రాసింది వచ్చే ఏడాదికి పనికిరాదు. పక్కన నిలబడినోళ్ళు ఎంత ఇస్తున్నారో చూడండి, అదే రేటు.

రెండో పని: నోరు తెరిచేముందు పలకరింపు

ఇది స్టెప్ అని ఎందుకు పెట్టానంటే కొత్తగా వచ్చిన మనోళ్ళలో సగం మంది ఇక్కడే దెబ్బతింటారు. మనం బండి దగ్గరికి వెళ్ళి "రెండు ఇడ్లీ" అంటాం, ఎవరూ ఏమీ అనుకోరు. కుమాసిలో పలకరించకుండా నేరుగా "ఎంత" అని అడిగితే మర్యాద తెలియని మనిషి కింద లెక్క. పొద్దున అయితే "మాచే", మధ్యాహ్నం "మాహా", సాయంత్రం "మాజో". అంతే, ఒక్క మాట. దాని తర్వాత "ఆంటీ" అనో "మామె" అనో కలపండి, మొహం వికసిస్తుంది. మగవాళ్ళయితే "బాస్". దయచేసి అనడానికి "మెపాచెవ్", థాంక్స్‌కి "మెదాసె", ఎంత అనడానికి "ఎయె సెన్". ఈ అరడజను మాటలతో నెల రోజులు నెట్టుకురావచ్చు, ఎలాగూ ఇంగ్లీషు నడుస్తుంది, కానీ ట్వి భాషలో ఒక్క ముక్క మాట్లాడినా గరిటె కాస్త నిండుగా పడుతుంది.

మిమ్మల్ని "ఒబ్రోని" అని పిలుస్తారు, పిల్లలైతే వీధి మొత్తం వినపడేలా. తెల్లోళ్ళనే కాదు బయటి దేశం మనిషి ఎవరైనా అంతే, తిట్టేం కాదు, నవ్వి చెయ్యి ఊపండి. కొంచెం పరిచయం అయ్యాక మీరు ఏ వారం పుట్టారో అడుగుతారు, శుక్రవారం పుట్టిన మగాడు కోఫీ, శనివారం క్వామె, శనివారం పుట్టిన ఆడవాళ్ళు అమా, ఆదివారం అకోసువా, ఇలా. ఐక్యరాజ్యసమితికి సెక్రటరీ జనరల్‌గా చేసిన కోఫీ అన్నన్ 1938 ఏప్రిల్ 8న ఈ కుమాసిలోనే పుట్టాడు, శుక్రవారం. మీ పుట్టినరోజు ఏ వారమో ఫోన్‌లో చూసి పెట్టుకోండి, ఆ పేరుతో పిలిపించుకుంటే బేరాలు కూడా తేలికవుతాయి.

ఎడమ చెయ్యి సంగతి మనకి కొత్తగా చెప్పక్కర్లేదు. డబ్బు ఇవ్వడం, తీసుకోవడం, తినడం, ఆఖరికి చెయ్యి ఊపి పిలవడం కూడా కుడి చేత్తోనే. ఈ విషయంలో మన అమ్మమ్మలు, అశాంటి అమ్మమ్మలు ఒకే మాట మీదున్నారు.

మూడో పని: పొద్దున ఆరు నుంచి ఎనిమిది, కోకో–కోసే

పొద్దున్నే వీధి మూల మీద పెద్ద అల్యూమినియం గిన్నె, పక్కన నూనె మూకుడు, చుట్టూ స్కూలు పిల్లలు, టాక్సీ డ్రైవర్లు కనిపిస్తే అది హౌసా కోకో బండి. సజ్జల్లాంటి మిల్లెట్‌ని నానబెట్టి రుబ్బి పులియబెట్టి, అల్లం, లవంగం, మిరియం, మిరపకాయ వేసి కాచిన జావ. పల్చగా, బూడిద రంగులో, చూడ్డానికి ఏమంత బాగుండదు గానీ ఘాటు గొంతు దిగాక తెలుస్తుంది. దీంట్లో పంచదార కలిపి ఇస్తారు, ఎంత వెయ్యాలో మీరే చెప్పాలి, చెప్పకపోతే పాయసం చేసేస్తారు.

దీంతో పాటు తినేది కోసే. బొబ్బర్లు నానబెట్టి పొట్టు తీసి రుబ్బి ఉల్లి, మిరప వేసి నూనెలో వేసింది, అంటే మన అలసంద వడే అనుకోండి, చిల్లు ఉండదు, లోపల ఇంకా గుల్లగా ఉంటుంది. తీపి కావాలంటే బోఫ్రోట్ అని మైదా ఉండలు. వెజిటేరియన్లు ఇక్కడ కళ్ళు మూసుకుని తినేయొచ్చు, ఈ బండి మీద చేప జాడ ఉండదు. నా మాట వింటే కుమాసిలో మొదటి వారం పొద్దున టిఫిన్ ఇదొక్కటే పెట్టుకోండి, కడుపు ఊరికి అలవాటు పడుతుంది.

కోకో పాలిథీన్ కవర్లో కట్టిస్తారు. మూల కొరికి పీల్చడమే. వేడి ఎంతుందో చూసుకోండి, కవరు చేతికి తట్టే వేడి కన్నా నాలుక్కి తగిలే వేడి ఎక్కువ.

నాలుగో పని: వాచే కొనడం, దీనికో పద్ధతుంది

వాచే అంటే బియ్యం, బొబ్బర్లు కలిపి వండింది. ఆ ముదురు ఎర్ర గోధుమ రంగు ఎండిన జొన్న ఆకు తొడుగుల నుంచి వస్తుంది, ఉడికేటప్పుడు నీళ్ళలో వేసి తర్వాత తీసేస్తారు. ఉత్తరాది హౌసా వాళ్ళ వంట, ఇప్పుడు దేశమంతా తింటారు. మంచి వాచే దొరికే చోట పొద్దున ఏడింటికే లైను ఉంటుంది, పదిన్నరకల్లా చాలాచోట్ల గిన్నె ఖాళీ.

లైన్లో నిలబడి ముందున్నోళ్ళని గమనించండి. ఇక్కడ ప్లేటు లెక్క లేదు, డబ్బు లెక్క. "ఇన్ని సేదీల వాచే" అనాలి, ఆవిడ అంతకి తగ్గట్టు వడ్డిస్తుంది. ముందు అన్నం ఆకులో పడుతుంది, పెద్ద పచ్చటి ఆకు, అది వాడే చోటే కొనండి, ప్లాస్టిక్ కవర్లో కన్నా రుచి వేరు. తర్వాత ఆవిడ గరిటె గాల్లో ఆపి మీ వైపు చూస్తుంది. అప్పుడు మీరు ఒక్కొక్కటీ చెప్పాలి: గారీ, అంటే కర్ర పెండలం తురిమి పులియబెట్టి వేయించిన పొడి. తాలియా, అంటే స్పఘెట్టి, అవును, అన్నం మీద స్పఘెట్టి, అడగొద్దు తినండి. ఉడికిన గుడ్డు. వేయించిన అరటిపండు ముక్కలు. టమాటా స్ట్యూ. చివర్లో షిటో, నల్లటి కారం, నూనె తేలుతూ ఉంటుంది. గుడ్డూ మాంసం డబ్బు వేరు, అది కూడా విడివిడిగా చెప్పాలి.

షిటో గురించి రెండు ముక్కలు. ఎండు చేపలు, ఎండు రొయ్యలు, మిరపపొడి, అల్లం, ఉల్లి నూనెలో నల్లబడేదాకా వేయించినది. రొయ్యపొట్టు కారం తిని పెరిగిన కోస్తా వాళ్ళకి ఇది తగిలిందంటే ఇక వదలదు, సీసా కొనుక్కుని ఇంటికి కూడా తీసుకెళ్తారు. వెజ్ వాళ్ళు మాత్రం ఆమడ దూరం.

ఇంకోటి, వాచే మీద గోధుమ రంగులో జెల్లీలా ముక్కలు వేస్తారు, దాని పేరు వెలే. ఆవు తోలు. చాలామందికి తెలియక తినేస్తారు. తినేవాళ్ళు హాయిగా తినండి, వద్దనుకునేవాళ్ళు "వెలే వద్దు" అని ముందే చెప్పండి, స్ట్యూలో కూడా అవే ముక్కలు ఉడుకుతుంటాయి కాబట్టి స్ట్యూ కూడా వద్దనాలి.

అన్నీ వేశాక "మెపాచెవ్, తో సొ" అనండి, కాస్త వెయ్యమని. మన కొసరే, ఇక్కడ దాని పేరు న్‌తొసొ. నవ్వుతూ అడిగితే ఇంకో అర గరిటె పడుతుంది. మొదటిసారి వెళ్ళినప్పుడు అడక్కండి, మూడోసారి నుంచి అడక్కుండానే వేస్తారు.

ఐదో పని: ట్రోట్రో ఎక్కడం, కిటికీలోంచి కొనడం

ఊళ్ళో తిరగడానికి ట్రోట్రో, అంటే సీట్లు బిగించిన పాత వ్యాను. కెజెటియా అని ఊరి మధ్య పెద్ద మార్కెట్, టెర్మినల్, అన్ని దారులూ అక్కడికే. డోర్ దగ్గర వేలాడే కుర్రాడిని మేట్ అంటారు, వాడు అరిచే పేరు వినాలి, "టెక్ టెక్ టెక్" అంటే క్వామె న్‌క్రుమా యూనివర్సిటీ ఆఫ్ సైన్స్ అండ్ టెక్నాలజీ వైపు, "అదుమ్" అంటే బ్యాంకులూ షాపులూ ఉండే సెంటర్. స్టేషన్‌లో ఎక్కితే నిండేదాకా కదలదు. టికెట్ ఫిక్స్, బేరం లేదు, మేట్ చెయ్యి చాపినప్పుడు కుడి చేత్తో ఇవ్వండి, దిగాల్సిన చోట "మేట్, బస్ స్టాప్" అని గట్టిగా. టాక్సీలో మాత్రం జాగ్రత్త, నలుగురితో పంచుకునేది ఒక రేటు, మీ ఒక్కరికే అయితే "డ్రాపింగ్" అంటారు, అది చాలా ఎక్కువ. ఎక్కేముందే ఏదో తేల్చుకోండి.

సిగ్నల్ దగ్గర ఆగగానే తల మీద బేసిన్లు పెట్టుకుని అమ్మేవాళ్ళు పరిగెత్తుకుంటూ వస్తారు. అరటికాయ చిప్స్, పల్లీపట్టి, ఇక్కడ న్‌కతె కేక్ అంటారు, వేయించిన పల్లీలు, నీళ్ళ ప్యాకెట్లు, టైగర్ నట్స్, టూత్‌బ్రష్, జేబురుమాలు, ఇస్త్రీ పెట్టె కూడా చూశా. దీంట్లో నాకు నచ్చింది ఉడికిన గుడ్డు. ఆ అమ్మాయి పెంకు వలిచి, గుడ్డు చేత్తో తాకకుండా కవరుతో పట్టుకుని, నడిమికి చీల్చి, లోపల పచ్చి మిరప–టమాటా–ఉల్లి నూరిన కారం ఒక చెంచా పెట్టి మళ్ళీ మూసేసి ఇస్తుంది, సిగ్నల్ పచ్చ అయ్యేలోపు మొత్తం అయిపోతుంది. డబ్బు చేతిలో పట్టుకుని ఉండాలి, లేకపోతే బండి కదిలి పాపం ఆ పిల్ల వెనకాల పరిగెత్తాల్సొస్తుంది.

నారింజపళ్ళు కూడా ఇక్కడ తినే తీరు వేరు. పై పచ్చ తొక్క మాత్రం పల్చగా చుట్టూ గీసేసి, తెల్ల పొర వదిలేసి, నెత్తిన ఒక ముక్క కోసి ఇస్తారు. పిండుకుంటూ రసం పీల్చడమే, చెయ్యి జిడ్డవదు.

ఆరో పని: మధ్యాహ్నం, చాప్ బార్‌లో ఫుఫు

కుమాసికి వచ్చి ఫుఫు తినకపోతే వచ్చినట్టే కాదు. పన్నెండు కాకముందే సందుల్లో ధన్ ధన్ అని శబ్దం మొదలవుతుంది, ఉడికించిన కర్ర పెండలం, పచ్చి అరటికాయ కలిపి చెక్క రోట్లో నిలువెత్తు రోకళ్ళతో దంచుతుంటారు. ఒకరు నిలబడి దంచుతుంటే ఇంకొకరు కింద పీట మీద కూర్చుని, రోకలి పైకి లేచిన ఆ క్షణంలో తడి చేత్తో ముద్దని తిప్పుతారు. ఒకరి మొహం ఒకరు చూసుకోరు, మాట్లాడుకుంటూనే ఉంటారు, లయ తప్పదు. కాసేపు నిలబడి చూడండి, ఎవరూ ఏమనరు, ఫోటో తీయాలంటే మాత్రం అడగండి.

చాప్ బార్ అంటే మన మెస్ లాంటి చోటు, బల్లలు, బెంచీలు, బయట ఏదో బైబిల్ మాట రాసిన బోర్డు. వెళ్ళగానే పలకరించి నేరుగా గిన్నెల దగ్గరికి వెళ్ళాలి. అక్కడ ఎంచుకోవాల్సినవి మూడు.

ముందు ఫుఫు ఎన్ని సేదీలది అని చెప్పాలి. మొదటిసారి అన్నిటికంటే తక్కువది చెప్పండి, అదే ఎక్కువవుతుంది. తర్వాత సూప్. లైట్ సూప్ అంటే టమాటా, ఉల్లి, మిరప, ఇక్కడి తెల్ల వంకాయతో చేసిన పల్చటి పులుసు, ఘాటు. న్‌కతెన్‌క్వన్ అంటే పల్లీ సూప్, చిక్కగా, మన నోటికి అన్నిటికంటే ముందు నచ్చేది ఇదే. అబెన్‌క్వన్ అంటే పామ్ కాయల గుజ్జుతో చేసే ఎర్రటి సూప్. ఆయిల్‌పామ్ చెట్టు అసలు పుట్టింది ఈ పశ్చిమ ఆఫ్రికాలోనే, ఏలూరు దగ్గర పెదవేగి తోటల్లో పెంచేది కూడా ఈ జాతే, కాకపోతే మన దగ్గర రిఫైండ్ అయ్యి రంగూ వాసనా పోయాక వంటింట్లోకి వస్తుంది, ఇక్కడ ఎర్రగా ఉన్నప్పుడే వండుతారు. ఆ వాసనకి అలవాటు పడటానికి కొంచెం టైం పడుతుంది, తొందర పడొద్దు.

చివరగా మాంసం, ఇక్కడ పేర్లు తెలియాలి. అపొంచే అంటే మేక. అకొకొ కోడి. నన్‌చ్వి ఆవు–ఎద్దు మాంసం. ప్రాకో పంది. అక్రాంచె అంటే గ్రాస్‌కట్టర్ అనే పెద్ద పందికొక్కు లాంటి అడవి జంతువు, ఇక్కడ దానికి మహా గిరాకీ, ధర కూడా ఎక్కువే. పొగబెట్టిన చేపలు, నత్తలు, పుట్టగొడుగులు కూడా ఉంటాయి. ఒకే సూప్ గిన్నెలో మూడు నాలుగు రకాల మాంసం కలిపి ఉడికించే చోట్లు ఉన్నాయి, కాబట్టి ఒకటి తిని ఇంకోటి తినని వాళ్ళు ముక్క మాత్రమే కాదు, సూప్ దేంతో కాచారో కూడా అడగండి. విసుక్కోరు, ముస్లింలు కూడా ఇలాగే అడుగుతారు, అలవాటే.

బల్ల మీదకి ముందు నీళ్ళ గిన్నె, లిక్విడ్ సోపు వస్తాయి. కుడి చెయ్యి కడుక్కోండి. తర్వాత మట్టి చట్టిలో సూప్, అందులో సగం మునిగిన ఫుఫు ముద్ద వస్తుంది. వేళ్ళతో చిన్న ముక్క తుంచి, బొటనవేలితో మధ్యలో చిన్న గుంట నొక్కి, సూప్ అందుకుని నోట్లో పెట్టి మింగేయాలి. నమలకూడదు. మొదట్లో గొంతు ఒప్పుకోదు, ముక్క చిన్నగా చేసుకోండి, వేలి కొస అంత. నమిలితే పళ్ళకి అంటుకుని జిగురు జిగురు, రుచి కూడా ఏముండదు, రుచంతా సూప్‌లో ఉంది. పక్క బల్ల మీద వాళ్ళు మిమ్మల్నే చూస్తుంటారు, మొదటి ముద్ద దిగగానే చప్పట్లు కొట్టినా ఆశ్చర్యపోకండి.

పక్కన తింటున్నవాళ్ళు "యు ఆర్ ఇన్వైటెడ్" అంటారు, తెలిసినా తెలియకపోయినా. నిజంగా చెయ్యి పెట్టకండి, "థాంక్యూ" అంటే చాలు. మీరు తింటుంటే ఎవరైనా వచ్చినా మీరూ అనాలి, అనకపోతే పిసినారి అనుకుంటారు.

తిన్నాక గంటన్నర మెదడు పనిచెయ్యదు. ఆఫీసులో మీటింగ్ ఉన్నరోజు ఫుఫు పెట్టుకోకండి, ఆ రోజు అంపెసి తినండి, ఉడికించిన యామ్ అనే దుంప లేదా అరటికాయ, దాని పక్కన కొంటొమిరె, అంటే చేమ ఆకు కూర.

వెజిటేరియన్లకి విడిగా

కష్టమే కానీ కుదురుతుంది. సమస్య ఏంటంటే ఇక్కడ కూరగాయల కూర అంటే కూరగాయలతో పాటు చేప కూడా ఉన్న కూర. కొంటొమిరెలో కోబీ అనే ఉప్పు చేపో, మొమొని అనే పులియబెట్టిన చేపో దాదాపు ఎప్పుడూ ఉంటుంది, మొమొని వాసన వీధి చివరికి తెలుస్తుంది. "వెజిటేరియన్" అంటే అర్థం కాదు, "మాంసం లేదు, చేప మాత్రమే" అంటారు. "మెన్వె నామ్" అనండి, ఆ పైన "చేప కూడా వద్దు, రొయ్య కూడా వద్దు, మ్యాగీ మసాలా క్యూబు ఏ రకం వేశారు" అని వివరంగా అడగాలి, ఎందుకంటే రొయ్యల మసాలా క్యూబులు కూడా వాడతారు.

నిశ్చింతగా తినగలిగేవి: కోకో, కోసే, బొగ్గుల మీద కాల్చిన పండు అరటికాయ పల్లీలతో, దీన్నే కోఫీ బ్రోక్‌మ్యాన్ అంటారు, జేబులో డబ్బు లేనోడి భోజనం అని పేరు, నాకైతే సాయంత్రం ఇంతకంటే మంచి చిరుతిండి కనపడలేదు. టీ బ్రెడ్. పళ్ళు. గోబె, అంటే ఉడికిన బొబ్బర్ల మీద గారీ చల్లి ఎర్ర పామాయిల్ పోసి ఇచ్చేది, నూనె విడిగా పోస్తారు కాబట్టి అందులో చేప వేయించలేదని అడిగి తెలుసుకోవచ్చు. వాచే ఒట్టిది, గారీ, సలాడ్‌తో. కెంకే, అంటే పులిసిన మొక్కజొన్న ముద్ద, పచ్చి కారంతో. వేయించిన యామ్ కూడా బాగుంటుంది గానీ అదే మూకుట్లో చేపలు వేయిస్తున్నారేమో చూడండి, చాలాసార్లు అంతే.

ఏడో పని: మార్కెట్

వారానికోసారి సరుకులకి కెజెటియా వెళ్ళాలనుకుంటే పొద్దున్నే, రెండు చేతులూ ఖాళీగా, పర్సు ముందు జేబులో. బెండకాయ, వంకాయ, అల్లం, ఉల్లి, పచ్చిమిర్చి, చేమదుంప, చేమ ఆకు, పల్లీలు, బొబ్బర్లు అన్నీ ఉంటాయి. గింజలు కిలోల్లో కాదు, ఒలొంకా అనే డబ్బా కొలతలో, పైన కుప్పగా వచ్చేలా పోస్తారు, ఆ కుప్పే మీ లాభం. టమాటాలు, మిర్చి కుప్పల లెక్క. కందిపప్పు, చింతపండు ఇక్కడ వెతికి కాళ్ళు నొప్పి తెచ్చుకోవద్దు, అవి ఇండియన్ షాపు నుంచి తెప్పించుకోవాల్సిందే.

మార్కెట్ మొత్తం ఆడవాళ్ళదే. ఒక్కో సరుక్కి ఒక పెద్దావిడ ఉంటుంది, యామ్‌కి ఒక రాణి, టమాటాకి ఒక రాణి, తగవులు తీర్చేది, సరుకు వచ్చినప్పుడు మాట్లాడేది వాళ్ళే. బేరం ఆడొచ్చు, "తె సొ" అంటే తగ్గించమని, కానీ కూరగాయల మీద సగానికి సగం అడిగితే నవ్వుతారు. బరువులు మోయడానికి తల మీద పెద్ద బేసిన్‌తో ఆడపిల్లలు కనిపిస్తారు, కాయాయెయి అంటారు, ఎక్కువమంది ఉత్తరాది ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు. ఎంతిస్తారో ముందే మాట్లాడుకుని చివర్లో కాస్త ఎక్కువే ఇవ్వండి, ఆ జనంలో ఆ బరువుతో నడవడం ఎలా ఉంటుందో వెనకాలే నడిస్తే తెలుస్తుంది.

బియ్యం షాపుల్లో బస్తాల మీద రాసింది చదవండి, థాయిలాండ్, వియత్నాం, ఇండియా. మన కాకినాడ రేవు నుంచి పశ్చిమ ఆఫ్రికా దేశాలకి ఏళ్ళుగా బియ్యం వెళ్తోంది. 2023 జూలైలో ఇండియా నాన్-బాస్మతి తెల్ల బియ్యం ఎగుమతి ఆపేసినప్పుడు దాని సెగ తగిలింది ఇలాంటి దేశాలకే. ఇక్కడి టమాటా అన్నం జొలోఫ్‌కి మాత్రం సువాసన ఉన్న పొడుగు గింజ బియ్యం కావాలంటారు, నైజీరియా వాళ్ళది పారాబాయిల్డ్, అంటే ఉప్పుడు బియ్యం, ఎవరి జొలోఫ్ గొప్పదన్న గొడవలో తల దూర్చకండి, కుమాసిలో ఉన్నంతకాలం ఘానాదే గొప్ప.

తాగేవి

నీళ్ళు 500 మిల్లీలీటర్ల పాలిథీన్ ప్యాకెట్లలో వస్తాయి, ప్యూర్ వాటర్ అంటారు, ఇంటికి కావాలంటే 30 ప్యాకెట్ల సంచి కొనుక్కోవచ్చు. మీద ఎఫ్‌డీఏ (ఇక్కడి ఆహార, మందుల తనిఖీ సంస్థ) నంబర్ ఉందో లేదో చూడండి, మూల తుడిచి కొరకండి. విడిగా కట్టిన ఐస్ నీళ్ళు వద్దు.

సోబోలో తప్పకుండా తాగండి. ముదురు ఎరుపు, అల్లం ఘాటు, పులుపు. ఇది గోంగూర మొక్క జాతిదే, మనం ఆకు తింటాం, వీళ్ళు ఎర్రటి పూల రెక్కల్లాంటి తొడుగులు ఎండబెట్టి మరిగించి చల్లార్చి తాగుతారు. జొంగో వైపు, అంటే అసావసె, అబోఅబో లాంటి ముస్లిం పేటల్లో, బ్రుకినా దొరుకుతుంది, పులిసిన పాలల్లో మిల్లెట్ ఉండలు కలిపింది, మజ్జిగన్నం మీద బెంగపెట్టుకున్న రోజు అది తాగండి.

ఎనిమిదో పని: చీకటి పడ్డాక

ఆరున్నరకల్లా చీకటి, వెంటనే బొగ్గుల పొగ లేస్తుంది. కెలెవెలె అంటే బాగా పండిన పెద్ద అరటికాయ ముక్కలకి అల్లం, మిరప, లవంగం పట్టించి నూనెలో వేయించింది, అంచులు నల్లగా కరకర, లోపల తీపి, వేరుశనగలతో పాటు పాత న్యూస్‌పేపర్లో కట్టిస్తారు. మూకుడు పక్కనే నిలబడి కొత్త వాయి దిగేదాకా ఆగండి, చల్లారితే మెత్తబడిపోతుంది.

కెంకే కూడా రాత్రిదే ఎక్కువ. మొక్కజొన్న పిండి పులియబెట్టి ఉడికించిన ముద్ద, గా అనే తెగ వాళ్ళది మొక్కజొన్న పొత్తుల పై తొక్కుల్లో, ఫాంటే తెగ వాళ్ళది అరటాకుల్లో చుడతారు. నా ఓటు ఫాంటేకి, పులుపు తక్కువ. వేయించిన చేప, మట్టి చట్టిలో నూరిన పచ్చి కారంతో, మిరపకాయలు ఎన్ని వెయ్యాలో మీరే చెప్పొచ్చు. ఇక్కడి చిన్న గుండ్రటి మిరపకాయ గుంటూరు వాళ్ళ గర్వాన్ని కాస్త తగ్గిస్తుంది, ముందు రెండుతో మొదలుపెట్టండి.

చిచింగా అంటే పల్లీపొడి మసాలా అద్దిన మాంసం పుల్లలు, ఎక్కువగా ఎద్దు మాంసమే, అడిగి తీసుకోండి. ఫ్రైడ్ రైస్ చికెన్ అమ్మే గాజు డబ్బా షాపుల్ని చెక్-చెక్ అంటారు, అక్కడ ఎప్పుడైనా కరెంటు పోతే పోయిందని తిట్టుకోకుండా ఫోన్ లైట్ వేసి వడ్డిస్తారు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా సహారా వైపు నుంచి హర్మాటన్ గాలి వీచి దుమ్ము సన్నగా కూర్చుంటుంది, ఆ నెలల్లో మూత లేని బండ్ల జోలికి పోకండి. ఏప్రిల్ నుంచి జూలై దాకా పెద్ద వానలు, ఒక్క జల్లు పడితే సగం బండ్లు సర్దేస్తారు, అలాంటి రోజుకి ఇంట్లో బ్రెడ్డూ గుడ్లూ ఉంచుకోండి.

శని, ఆదివారాలు

శనివారం ఊరంతా నలుపు, ఎరుపు బట్టల్లో కనిపిస్తే కంగారు పడొద్దు, అశాంటి వాళ్ళు అంత్యక్రియల తంతు ఎక్కువగా శనివారమే చేస్తారు, రోడ్లు జామ్, చాప్ బార్లు కిటకిట, ఆ రోజు పదకొండున్నరకే తినేయండి. ఆదివారం పొద్దున చర్చి టైములో ఊరు సగం మూసేసి ఉంటుంది. కానీ ఆదివారానికే ఒక వంట ఉంది, ఒమొ తువొ, మెత్తగా ఉడికించి ముద్దలు చేసిన అన్నం, పల్లీ సూప్‌లో. అన్నం ముద్ద కాబట్టి నమలొచ్చు, ఫుఫు గొంతు దిగనోళ్ళకి ఇది దేవుడిచ్చిన వరం. చర్చి వదిలేలోపే వెళ్ళండి, వదిలాక వెళ్తే కూర్చోడానికి బెంచీ దొరకదు, రెండింటికల్లా ముద్దలు అయిపోయి సూప్ మాత్రమే మిగులుతుంది.